కడుపులోని వల – వీపు మీది బస్తా

తిల్దా బియ్యపు మిల్లులలో పనిచేయు హమాలీ సోదరులకు హెర్నియా అనగా నేమో ఎవరును బోధింపనక్కరలేదు. "పేగు జారింది" అని వారందురు. మొదట గజ్జలో ఉసిరికాయంత ఉబ్బు కనిపించును. పడుకొన్నపుడు అది లోపలికి పోవును; బస్తా ఎత్తగానే బయటికి వచ్చును. కొన్నాళ్లు లంగోటి బిగించి, కొన్నాళ్లు సంతలో కొన్న బెల్టు కట్టి పని సాగింతురు. ఏదో యొకనాడు ఆ ఉబ్బు లోపలికి పోదు. వాంతులును, భరింపరాని నొప్పియు మొదలగును. అప్పుడు దొరికిన బండిలో రాయపూర్‌కు పరుగెత్తవలసి వచ్చును. సకాలమున చేరినవాడు బ్రతుకును. ఆలస్యమైనచో పేగు కుళ్లి ప్రాణము మీదికి వచ్చును.

తిల్దా–నేవరా జంట పట్టణములు రాయపూర్ జిల్లాలో, రాయపూర్, బిలాస్‌పూర్‌ల నడుమ, హౌరా–ముంబయి రైలు మార్గముపై నున్నవి. బియ్యపు మిల్లులు ఇచటి ముఖ్య పరిశ్రమ. దాపుననే బైకుంఠ్‌లో సిమెంటు కర్మాగారము గలదు. ఛత్తీస్‌గఢీ శ్రామికులతో బాటు, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి తాతల నాడు రైలు పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములవారును మా సంఘమున సభ్యులుగా నున్నారు. ధాన్యపు బస్తా 40 కిలోలు, బియ్యపు బస్తా 50 కిలోలు, సిమెంటు బస్తా 50 కిలోలు. క్వింటాలు బస్తా మోసిన పాతతరమువారు ఇంకను మనలో నున్నారు.

బరువు ఒక్కటియే హెర్నియాకు కారణమని వైద్యశాస్త్రము చెప్పుట లేదు. పుట్టుకతో వచ్చిన బలహీనత, వయస్సు, ఎడతెగని దగ్గు, పొగాకు ఇవియు కారణములే. అయినను నిత్యము బరువులెత్తుచు, దినమంతయు నిలబడి పనిచేయు పురుషులలో ఒక రకపు గజ్జ హెర్నియాకు ఆపరేషన్లు ఎక్కువగా జరుగుచున్నవని డెన్మార్కు దేశపు పరిశోధకులు లెక్కలు పరిశీలించి చూపినారు. ఊకదుమ్ముతో దగ్గుచు బస్తా మోయువానికి ఈ కారణములలో పెక్కు ఒక్కచోటనే కూడినవి.

ఈ వ్యాధికి చేయు శస్త్రచికిత్సలో కడుపు గోడకు ఆసరాగా ఒక కృత్రిమ వలను అమర్చుదురు. వైద్యులు దానిని మెష్ అందురు; ఇచటి జనులు జాలీ అందురు. ఏ జాలీ వేయించుకొనవలెను? దేశీయమా, విదేశీయమా? చవకదా, ఖరీదైనదా? ఇది వైద్యులు తేల్చవలసిన విషయము గదా, కార్మిక సంఘమునకు దీనితో నేమి పనియని కొందరు మిత్రులు అడుగవచ్చును. మా సంఘము ఈ విషయమున ఒక పొరపాటు చేసినది. ఆ పొరపాటునకు ఒక సోదరుడు మూల్యము చెల్లించినాడు. ఇతర శాఖలు అదే దారిని పోకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మిల్లులో పనిచేయుచున్న మా సభ్యునకు గజ్జలో హెర్నియా వచ్చినది. ఒక ప్రయివేటు ఆసుపత్రికి పోగా, అచటివారు రెండు ధరలు చెప్పినారు. దేశీ జాలీకి ఒక ధర, విదేశీ జాలీకి దానికి అనేక రెట్లు. ఆయన మా కార్యాలయమునకు వచ్చి, "అన్నగారూ, ఫారిన్ జాలీ వేయించుకుంటే ఇక జన్మలో జారదట గదా?" అని అడిగినాడు. మేము వైద్యుని విచారింపలేదు. విదేశీయము, ఖరీదైనది అనగానే మంచిదని నమ్మినాము. యజమాని కడుపులో వేయు జాలీయే కార్మికుని కడుపులో కూడ వేయవలెనని మిల్లు వాకిట సభ పెట్టి గర్జించినాము.

చర్చలలో మేము రెండు కోర్కెలు ఉంచియుంటిమి. మొదటిది విదేశీ జాలీ ఖర్చు. రెండవది వైద్యుడు వ్రాసినన్ని దినములు వేతనముతో కూడిన సెలవు. యాజమాన్యము పదిహేను దినములు నానబెట్టి, మొదటి కోర్కెను ఒప్పుకొని రెండవదానిని త్రోసివేసినది. మేము అంగీకరించినాము. విజయము సాధించితిమని కరపత్రము కూడ వేసినాము. జాలీ ఖర్చు ఒక్కసారి పెట్టునది. సెలవు హక్కు ఒకసారి ఇచ్చినచో అందరికిని, ఎల్లప్పుడును ఇవ్వవలసినది. ఈ లెక్క యాజమాన్యమునకు తెలిసినంతగా మాకు తెలియలేదు.

ఆపరేషన్ జరిగిన 18వ దినమున ఆ సోదరుడు తిరిగి బస్తా క్రిందికి వచ్చినాడు. కూలి లేక ఇల్లు గడువలేదు. మేట్ ఆయన స్థానమున వేరొకరిని పెట్టుకొందునని కబురు పంపియుండెను. ఏడాది తిరుగక మునుపే అదే ప్రక్కన మరల ఉబ్బు కనిపించినది. రెండవ ఆపరేషన్‌కు మిల్లు పైసా ఇవ్వలేదు. ఒప్పందము ఒక్కసారికే యని వారు చూపిన కాగితముపై సంతకము మాదే.

ఆ కాలముననే మరియొక సభ్యుడు ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు జాలీ వేయించుకొని, శ్రీకాకుళములోని అత్తవారింట రెండు నెలలు విశ్రమించి వచ్చినాడు. ఆయన నేటికిని బస్తాలు మోయుచున్నాడు. ఇద్దరు మనుష్యుల కథలతో శాస్త్రము తేలదని మాకు తెలియును. మొదటివానికి తొందరపడి బస్తా ఎత్తుట చేతనే వ్యాధి తిరుగబెట్టినదని మేము నిరూపింపలేము. వల చాలినంత వెడల్పుగా వేయలేదేమో, సరిగా అమరలేదేమో, బీడీ దగ్గు కారణమేమో. అయినను అడుగవలసిన ప్రశ్నలను అడుగక, ధర చూచి తృప్తిపడుట మా తప్పిదము. ఆ తరువాత మేము వైద్యులను ఆశ్రయించి తెలిసికొనిన సంగతులను సభ్యుల కొరకు క్రింద వివరించుచున్నాము.

వల చేయు పని

హెర్నియా అనగా కడుపు గోడలోని కండర పొరలు ఒకచోట బలహీనపడి, ఆ సందు గుండా లోపలి కొవ్వుగాని పేగుగాని బయటికి త్రోసికొని వచ్చుట. 19వ శతాబ్దపు చివరి భాగమున ఇటలీ దేశపు శస్త్రవైద్యుడు ఎడోర్డో బస్సిని ఆ సందును దారముతో కుట్టి మూయు పద్ధతిని తీర్చిదిద్దినాడు. అది చాలకాలము ప్రపంచమంతట నడచినది. కాని బలహీనమైన కండరమును బలవంతముగా లాగి కుట్టినపుడు ఆ బిగువునకు కుట్టు తెగుట, వ్యాధి తిరిగి వచ్చుట తరచుగా జరుగుచుండెడిది. చినిగిన గోనెను అంచులు లాగి కుట్టినచో ప్రక్కన మరల చినుగును. అతుకు వేసి కుట్టినచో నిలుచును. మిల్లులో గోనెలు కుట్టు ప్రతి స్త్రీకిని తెలిసిన సంగతియే యిది.

ఆ అతుకుగా కృత్రిమపు వలను వాడుట 1950 తరువాత అమెరికాలో ఊపందుకొనినది. హ్యూస్టన్ నగర శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ అషర్ 1958లో పాలీఇథిలీన్ వలను ప్రచురణకు తెచ్చినాడు. అటుపిమ్మట వేడికి మరింత బాగుగా తట్టుకొను పాలీప్రొపిలీన్‌కు మారినాడు. 1989లో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఇర్వింగ్ లిఖ్టెన్‌స్టయిన్, ఆయన సహచరులు కండరమును లాగకుండ, వలను అతికించి గజ్జ హెర్నియాను బాగుచేయు పద్ధతి ఫలితములను ప్రకటించినారు. నేడు మన జిల్లా ఆసుపత్రులలో సాధారణముగా జరుగునది ఆ పద్ధతియే. వల వేసినచో వ్యాధి తిరుగబెట్టుట సుమారు సగమునకు తగ్గునని ఐరోపా వైద్యులు అనేక పరీక్షల ఫలితములను కూర్చి 2002లో చూపినారు. 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములు గూడ గజ్జ హెర్నియాకు వల పద్ధతినే ప్రోత్సహించినవి.

పాలీప్రొపిలీన్ అను మాట విని సోదరులు బెదరనక్కరలేదు. మీరు దినదినము వీపుపై మోయుచున్న ప్లాస్టిక్ సిమెంటు సంచి ఆ జాతి పదార్థముతోనే నేయబడినది. వైద్యమునకు వాడునది శుద్ధమైనది. ఒంటిపోగు దారముతో అల్లినది. సూక్ష్మక్రిములు లేకుండ చేసి మూసిపెట్టినది. భేదము ఆ శుద్ధిలోను, అల్లికలోను, పరీక్షలోను ఉన్నది. వల కన్నుల గుండా శరీరపు కణజాలము పెరిగి దానిని తనలో కలుపుకొనును. తుదకు బలమిచ్చునది ఆ కూడికయే.

ఏ వల ఎప్పుడు?

అంగడిలో వలలు అనేకములు గలవు. పాలీప్రొపిలీన్, పాలియెస్టర్, పి.టి.ఎఫ్.ఇ. అనునవి ముఖ్యములు. కన్నులు మరీ సన్ననివైనచో, క్రిములు చేరగలవు గాని వానిని తినివేయు రక్షక కణములు చేరలేవు. అందుచేత పెద్ద కన్నుల వలయే మేలు. దారములు పురిపెట్టినవైనచో ఆ సందులలో క్రిములు దాగును. అందుచేత ఒంటిపోగు మేలు. కొన్ని వలలు చదరపు మీటరునకు 80, 100 గ్రాముల వరకు తూగును. కొన్ని 30 గ్రాముల ప్రాంతమున నుండును. బరువైనది బిరుసుగా నుండును. మరీ తేలికయైనది కొన్ని చోట్ల చాలకపోవచ్చును. ఎక్కువ బరువు ఎక్కువ బలమనుకొనుట పొరపాటు. ఆ బలము కడుపు గోడకు అవసరమైన దానికన్న ఎన్నో రెట్లు మించియుండును.

ధరలో అసలైన భేదమునకు కారణముండు సందర్భము ఒకటి గలదు. మామూలు పాలీప్రొపిలీన్ వల పేగులను నేరుగా తాకరాదు. తాకినచో పేగు దానికి అతుకుకొనును, కొన్నిమార్లు వలలో కూరుకొనిపోవును. గజ్జ హెర్నియాకు బయటినుండి చేయు ఆపరేషన్‌లో వలకును పేగునకును నడుమ శరీరపు సొంతపొర అడ్డముండును. కనుక మామూలు వల చాలును. బొడ్డు వద్ద, లేక పాత ఆపరేషన్ కుట్టు వద్ద వచ్చిన హెర్నియాలకు కొన్ని పద్ధతులలో వలను కడుపు లోపలనే పరచవలసి వచ్చును. అప్పుడు పేగువైపు అంటుకొనని పూత గల వల కావలెను. దానికి ఖర్చు సహజముగనే యెక్కువ. మన మిల్లులలోని రేజాలలో పురుటి ఆపరేషన్ కుట్టు వద్ద ఉబ్బు గల స్త్రీలు పలువురున్నారు. వారికి ఈ సంగతి ముఖ్యము. అయినను వారికి కూడ కండరము వెనుక, పేగుకు తాకని పొరలో మామూలు వలను అమర్చు పద్ధతులున్నవి. "నా వల పేగుకు తాకునా? ఏ పొరలో పెట్టుచున్నారు?" అని అడుగుట రోగి హక్కు.

ఖరీదైనది మంచిదను నమ్మకమును చెదరగొట్టిన ఉదాహరణము ఒకటి చెప్పెదము. ఫిజియోమెష్ అను పూత వల కడుపు హెర్నియాలకు దుర్బీను పద్ధతిలో వాడుటకై అగ్రదేశములలో అమ్మబడినది. జర్మనీ, డెన్మార్కు దేశములలో ఆపరేషన్ పొందిన రోగుల వివరములను, వల పేరును నమోదు చేయు పట్టికలు నడుచుచున్నవి. ఆ పట్టికలలో ఈ వల వేసినవారికి వ్యాధి తిరుగబెట్టుట, మరల ఆపరేషన్ చేయవలసి వచ్చుట ఎక్కువగా కనిపించినది. 2016లో తయారీదారులే దానిని అంగడి నుండి ఉపసంహరించుకొన్నారు. నమోదు పట్టిక లేనిచో ఆ సంగతి బయటపడెడిదా? మన సభ్యులలో ఎందరి కడుపులో ఏ వల ఉన్నదో వ్రాసిన కాగితము వారి ఇంటనైన ఉన్నదా?

నొప్పిని గూర్చియు ఒక మాట. గజ్జ ఆపరేషన్ తరువాత సుమారు పదిమందిలో ఒకరికి దీర్ఘకాలపు నొప్పి మిగులుచున్నదని వైద్యులే చెప్పుచున్నారు. అది వల రకముకన్న నరములను గుర్తించి కాపాడు చేతి నైపుణ్యముపై ఎక్కువగా ఆధారపడును. ఈ ఆపరేషన్లు తరచుగా చేయు చేయి ఏదో తెలిసికొనుట, జాలీ ఏ దేశముదో తెలిసికొనుటకన్న ముఖ్యము.

దోమతెర ప్రశ్న

ఇక వివాదాస్పదమైన విషయమునకు వత్తము. మహారాష్ట్రలోని ధూలే జిల్లా దొండాయిచాలో పనిచేసిన గ్రామీణ శస్త్రవైద్యుడు డాక్టర్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్, వల ఖరీదు భరింపలేని పేదరోగుల కొరకు, స్వదేశీ దోమతెరగుడ్డను కత్తిరించి, శుద్ధిచేసి వాడవచ్చునా యని పరిశీలించినాడు. ఆ గుడ్డ పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్‌ల కలయిక. ఆయనయు, రెడ్డి, మెహతా, సింగ్, శివడే అను మరి నలుగురు వైద్యులును వేర్వేరు చోట్ల 359 హెర్నియాలకు దానిని వాడి, ఫలితములను 2003లో భారత శస్త్రవైద్యుల పత్రికయందు ప్రకటించినారు. అటుపిమ్మట ఆఫ్రికాలో ఉగాండా తూర్పు ప్రాంతమున 302 మంది పురుషులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు అంగడి వలను, రెండవ జట్టునకు దోమతెర వలను వేసినారు. 2016లో వెలువడిన ఫలితము ఇది: ఏడాది తరువాత దోమతెర జట్టులో ఒక్కరికి వ్యాధి తిరుగబెట్టినది, రెండవ జట్టులో ఎవరికిని తిరుగబెట్టలేదు. ఆపరేషన్ తరువాతి చిన్నపెద్ద ఇబ్బందులు రెండు జట్లలోను 44 మంది చొప్పున, అనగా నూటికి సుమారు 30 మందికి వచ్చినవి. రెంటికిని చెప్పదగిన భేదము లేదు. ఖరీదులో మాత్రము భూమికిని ఆకాశమునకును ఉన్నంత భేదము.

ఈ సంగతి మా సర్వసభ్య సమావేశమున చదివినపుడు పెద్ద కలకలము రేగినది. ఒక యువ కార్యకర్త లేచి, "షావుకార్లకి ఫారిన్ జాలీ, మాకు దోమతెరా అన్నా?" అని మండిపడినాడు. సభ చప్పట్లు కొట్టినది. వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలి హమాలీ, "ఇప్పుడు మనోళ్లకి ఏ జాలీ పడతంది బాబూ? లంగోటీయే గదా పడతంది," అన్నాడు. సభ నిశ్శబ్దమైనది.

ఇద్దరి మాటలోను సత్యమున్నదని మా అభిప్రాయము. ముసలివాని మాట నేటి స్థితి. ఆపరేషన్ లేక లంగోటితో కాలము గడుపువాని ముందు వల జాతిని గూర్చి తర్కించుట పరిహాసము. యువకుని మాట హెచ్చరిక. పేదలకు చవకది చాలునను వాదము ఎక్కడనైన ప్రవేశించినచో అది వల వద్ద ఆగదు. శుద్ధికిని, మందులకును, మత్తు వైద్యునికిని ప్రాకును. 2014 నవంబరులో మన పొరుగు బిలాస్‌పూర్ జిల్లాలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరమును మరువరాదు. కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు ఒకే వైద్యుడు ఆపరేషన్లు చేయగా, ఆ నాటి శిబిరముల ఫలితముగా పదిమందికి పైగా పేద స్త్రీలు ప్రాణములు కోల్పోయినారు. వస్తువు చవకయైనచో కీడు లేదు. మనిషిని చవకగా చూచినచో ప్రాణములు పోవును.

దోమతెర పరీక్షల హద్దులను కూడ తెలిసికొనవలెను. ఉగాండా పరీక్ష పురుషుల గజ్జ హెర్నియాకు సంబంధించినది. కడుపు లోపల పరచు వలకు ఆ సాక్ష్యము చెల్లదు. ఆ గుడ్డకు 121 డిగ్రీల ఆవిరి శుద్ధి సరిపోవును. 134 డిగ్రీలకు పోయినచో అది ముడుచుకొని చెడును. దోమలమందు పూసిన తెరను ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. మన దేశమున 2017 నాటి వైద్య ఉపకరణముల నియమములు గలవు. శరీరములో నిలుపు వస్తువునకు అనుమతి కావలెను. అందుచేత అంగడిలో దోమతెర కొని వైద్యునికిచ్చి వేయుమని మేము ఎవరికిని సలహా ఇచ్చుట లేదు.

మరి ఆ పరీక్షల వలన మనకేమి ప్రయోజనము? ఆ వలలో వాడిన పదార్థపు ఖరీదు బహుస్వల్పమని అవి లోకమునకు చాటినవి. అషర్ 1958లో వాడిన తొలి వలయు పాలీఇథిలీనే గదా! శుద్ధిచేయుటకు, పరీక్షించుటకు, అనుమతి పొందుటకు ఖర్చగును, ఒప్పుకొందము. ఆ ఖర్చులన్నియు కలిపినను మామూలు వలకు న్యాయమైన ధర ఎంత, రోగి చీటీపై వేయు ధర ఎంత అని అడుగు అధికారము ఈ పరీక్షల వలన మనకు వచ్చినది. 2017 ఫిబ్రవరిలో గుండె రక్తనాళములలో పెట్టు స్టెంట్లకును, అదే ఏడు ఆగస్టులో మోకాలి కీళ్ల పరికరములకును కేంద్రప్రభుత్వము గరిష్ఠ ధరలను నిర్ణయించినది. గుండెకు వర్తించిన న్యాయము హమాలీ కడుపునకు ఏల వర్తింపరాదు?

విశ్రాంతి ఎవరి సొత్తు?

ఆపరేషన్ తరువాత నొప్పి అనుమతించినంతలో త్వరగా మామూలు పనులకు పోవచ్చునని నేటి మార్గదర్శకములు చెప్పుచున్నవి. యాజమాన్యములు ఈ వాక్యమును చూపి, నాలుగు దినములకే పనికి రమ్మని పిలుచుట మేము చూచినాము. వాక్యములోని షరతును వారు చదువరు. నొప్పి కలిగినపుడు ఆగగల స్వేచ్ఛ ఉన్నవానికే ఆ సలహా. కుర్చీలో కూర్చుండు గుమాస్తా ఆగగలడు. బస్తా లెక్కన కూలి తీసికొనుచు, ముందువాడు, వెనుకవాడు నడచుచుండగా పలకమీద నిలిచినవాడు ఆగగలడా? బరువులెత్తు పనికి ఎన్ని వారములు ఆగవలెనో ఆ రోగిని చూచిన శస్త్రవైద్యుడు వ్రాయవలెను. ఆ వ్రాతను మేట్ గాని, ముకద్దము గాని, యజమాని గాని త్రోసివేయరాదు.

ఇ.ఎస్.ఐ. పథకమున నమోదైన కార్మికునకు జబ్బు కాలమున వేతనములో 70 శాతము చొప్పున, ఏడాదికి 91 దినముల వరకు సహాయము పొందు హక్కు గలదు. చందా షరతులు నెరవేరిన చాలును. కాని మిల్లులోని హమాలీ ఎవరి కార్మికుడు? మిల్లు యజమాని గుత్తేదారును చూపును. గుత్తేదారు మేట్‌ను చూపును. మేట్ చేతులు చూపును. మహారాష్ట్రలో 1969లో చేసిన మాథాడీ చట్టము హమాలీలను బోర్డులలో నమోదు చేసి, వేతనమును, సంక్షేమమును బోర్డు ద్వారా ఇప్పించు మార్గము చూపినది. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ కార్డు ఆసుపత్రి బిల్లును కొంతవరకు తీర్చును. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన పిదప పొయ్యి వెలిగించుటకు ఆ కార్డు ఉపయోగపడదు.

కార్మికులు వైద్యమును గూర్చి ఆలోచింపలేరని ఎవరైన అనినచో, వారిని దల్లీ రాజ్‌హరాకు తీసికొనిపోయి చూపవలెను. 1977 జూన్‌లో పోలీసు కాల్పులలో అసువులు బాసిన వారి స్మృతికై అచటి ఇనుపగని కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో నిర్మించిన షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న ప్రారంభమైనది. ఏ మందు అవసరము, ఏది అనవసరము, ఏ సూది డబ్బు కొరకు పొడుచుచున్నారు అని సామాన్య కార్మికులకు బోధించుట ఆ ఆసుపత్రి చేసిన గొప్ప పని. జెండాలు వేరు కావచ్చును, పాఠము అందరిది.

మా కోర్కెలు, మా కర్తవ్యము

అనుభవము నేర్పిన పాఠముతో మా శాఖ తన కోర్కెల పత్రమును తిరుగ వ్రాసినది. విదేశీ జాలీ అను మాటను అందుండి తొలగించినాము. ఇతర శాఖల పరిశీలనకై దానిని ఇచట నుంచుచున్నాము.

1. బరువులెత్తు పనివారందరికిని ఏడాదికొకసారి వైద్యపరీక్ష జరుగవలెను. ఉబ్బు కనిపించినవానిని పనినుండి తొలగింపరాదు. తేలిక పనికి మార్చవలెను.

2. ఆపరేషన్ తరువాత శస్త్రవైద్యుడు వ్రాసినన్ని దినములు వేతనముతో సెలవు, తదుపరి కొంతకాలము తేలిక పని ఇవ్వవలెను. ఆయన స్థానము ఆయనకే ఉండవలెను.

3. గజ్జ హెర్నియాకు అనుమతి పొందిన, పెద్ద కన్నుల, ఒంటిపోగు పాలీప్రొపిలీన్ వల ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోను ఉచితముగా లభింపవలెను. పూత వల నిజముగా అవసరమైనచోట, ఆ కారణమును వ్రాసి, అదియు ఉచితముగా ఇవ్వవలెను.

4. వలల ధరపై ప్రభుత్వము గరిష్ఠ పరిమితి విధింపవలెను. చవక వలలను ప్రభుత్వ సంస్థలే శాస్త్రీయముగా పరీక్షించి, అనుమతించి, తయారు చేయింపవలెను.

5. వల పేరు, కొలత, తయారీ సంఖ్య గల చీటీని రోగి కాగితముపై అంటించి రోగికి ఇవ్వవలెను. హెర్నియా ఆపరేషన్ల నమోదు పట్టిక దేశమంతటికి ఏర్పడవలెను.

6. గుత్తేదారు పేరు చాటున దాగక, మిల్లు యజమానియే హమాలీని ఇ.ఎస్.ఐ.లో నమోదు చేయింపవలెను.

సభ్యులకు కూడ మా విన్నపమున్నది. ఉబ్బును దాచుకొనవద్దు. లోపలికి పోని ఉబ్బు, వాంతులు, నొప్పి కలిసినచో ఆ రాత్రియే ఆసుపత్రికి చేరవలెను, తెల్లవారనిమ్మనుట ప్రమాదము. బీడీ మానుట వలన దగ్గు తగ్గును, గాయము త్వరగా మానును. జాలీ కొరకు వడ్డీకి అప్పు తెచ్చుటకు ముందు సంఘ కార్యాలయమునకు రండు. ఏ వల, ఎందుకు, ఎంతకు, ఏ పొరలో అను నాలుగు ప్రశ్నలను మీతో గూడ వచ్చి మేము అడిగెదము.

మొదట చెప్పిన ఆ సోదరుడు నేడు బస్తాలు మోయుట లేదు. మిల్లు ఎదుట టీ కొట్టు పెట్టుకొన్నాడు. క్రొత్త కోర్కెల పత్రమును తీసికొనిపోయి ఆయనకు చదివి వినిపించినాము. మూడవ కోర్కెవరకు విని, "అన్నగారూ, చర్చల్లో కూర్చున్నప్పుడు సెలవు సంగతి ముందడగండి. అది ఒప్పుకున్నాకే జాలీ సంగతి ఎత్తండి," అన్నాడు. పత్రములోని వరుసయే చర్చల వరుస కూడ అగునని ఆయనకు మాట ఇచ్చినాము. ఈసారి సెలవు కోర్కెను విడిచి ఏ ఒప్పందముపైనను మా శాఖ సంతకము చేయదు. సమాఖ్యలోని ఇతర శాఖలు తమ మిల్లులలో, గోడౌనులలో, రైలు గూడ్సు షెడ్లలో ఉబ్బుతో పనిచేయుచున్నవారి సంఖ్యను లెక్కించి, రాబోవు కార్యవర్గ సమావేశమునకు తీసికొనిరావలెనని కోరుచున్నాము.